సర్వి చెట్ల కొనలు ఎర్రబారుతుంటే రేడియేషన్ అనుకోవాలా?

ప్రశ్న: మాది కడప జిల్లా వేముల మండలం. అరటి తోటకు గాలి అడ్డంగా గట్ల మీద సర్వి (సరుగుడు) చెట్లు వేసుకున్నాం. ఈ ఏడు కొనలు ఎర్రబారి ఎండుతున్నాయి. చెర్నోబిల్‌లో ఇట్లాంటి చెట్లే ఎర్రగా మారి చచ్చాయంట. తుమ్మలపల్లె యురేనియం గని మాకు దగ్గరే. దానివల్లేనా సార్?
– ఒక రైతు

జవాబు: చెర్నోబిల్ గురించి మీరు విన్నది నిజమే. 1986 ఏప్రిల్ 26న అక్కడి అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలాక పక్కనున్న పైన్ అడవి మీద రేడియోధార్మిక దుమ్ము పడి, వందల హెక్టార్లలో చెట్లు ఎర్రబారి చచ్చాయి. అక్కడే ఉన్న బిర్చ్ చెట్లు చాలావరకు బతికాయి. పైన్ జాతి కణాల్లో క్రోమోజోములు బాగా పెద్దవి, రేడియేషన్‌కు తొందరగా దెబ్బతింటాయి. ఆకులు ఏడాదికోసారి రాలవు కాబట్టి పడిన దుమ్ము కూడా చెట్టు మీదే చాలా కాలం ఉంటుంది. మోతాదు తక్కువైతే చెట్టు చావదు గానీ నడిమి మొవ్వు పోయి, నిటారుగా పెరగాల్సింది పొదలా గుబురెక్కుతుంది. జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో 2011లో ప్రమాదం జరిగాక, అక్కడి ఫర్, పైన్ మొక్కల్లో ఇదే కనిపించింది.

మీ సర్వి పైన్ జాతి కాదు, పూలు పూసే చెట్టు. ఒక పుల్ల తుంచి చూడండి. మనం ఆకు అనుకునేది సన్నని కొమ్మే, కణుపుల దగ్గర పళ్లలా ఉండేవే అసలు ఆకులు. పైగా చెర్నోబిల్‌లో బయటపడినవి రియాక్టర్లో పుట్టిన రేడియోధార్మిక సీజియం, అయోడిన్ లాంటివి. గని ఖనిజంలో అవి ఉండవు. సహజ యురేనియం రేడియేషన్‌కు చెట్టును అట్లా మాడ్చేంత శక్తి లేదు.

ముందు మాను బెరడు చూడండి. బొబ్బలెక్కి పగిలి, లోపల నల్లటి పొడి ఉంటే అది శిలీంధ్ర తెగులు. ఆ చెట్లను వేళ్లతో సహా తీసి కాల్చేయండి. బెరడు శుభ్రంగా ఉంటే అరటి ఆకుల అంచులు చూడండి. సర్వి కొంత ఉప్పుకు ఓర్చుకుంటుంది, అరటి ఓర్చుకోదు. అంచులు మాడుతుంటే బోరు నీళ్లలో సోడియం, కార్బొనేట్లు ఎక్కువయ్యాయేమో పరీక్ష చేయించాలి. మన నేలల్లో చౌడు ఎప్పటినుంచో ఉంది. తుమ్మలపల్లెలో ఖనిజ శుద్ధి కూడా సోడియం కార్బొనేటుతోనే జరుగుతుంది. కాబట్టి ఈ పరీక్ష వదలొద్దు. అరటి బాగుండి సర్వి ఒక్కటే ఎండితే, గట్టు మీద తడి అందడం లేదేమో చూడండి.

నాకు చెట్ల కంటే మీరు తాగే నీళ్ల గురించే ఎక్కువ టెన్షన్. యురేనియం మనిషికి ముందు దెబ్బకొట్టేది మూత్రపిండాలను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మామూలు నీటి పరీక్షలో ఇది చూడరు, పేరు చెప్పి అడగాలి. కాచినా ఇది పోదు. బోరు పది నిమిషాలు నడిపాక శుభ్రమైన సీసాలో లీటరు నీళ్లు పట్టి, తేదీ, బోరు లోతు రాసి యురేనియం పరీక్ష చేసే ల్యాబుకు పంపండి. సాగు నీళ్లు, మట్టి నమూనాలు ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి.