నిఘా విమానమా, గస్తీ విమానమా?

సందేహం: సముద్రం మీద జాడ తెలియకుండా పోయిన విమానాన్ని వెతకడానికి సైన్యం పంపే విమానాన్ని ఒక పత్రిక ‘నిఘా విమానం’ అంటే, ఇంకొకటి ‘గస్తీ విమానం’ అంటోంది. ఏది ఒప్పు? దొరికినవి ‘శకలాలా’, ‘శిథిలాలా’?

సమాధానం: నిఘా, గస్తీ రెండూ పారసీ నుంచి వచ్చిన మాటలే. ‘నిగాహ్’ అంటే చూపు, ‘గష్త్’ అంటే తిరుగుడు. నిఘా పెట్టినవాడు కూర్చున్నచోటి నుంచే కన్నేసి ఉంచవచ్చు. గస్తీవాడు తిరగక తప్పదు. పి-8ఐ, పి-3 ఒరాయన్ వంటివి జలాంతర్గాముల కోసం గంటల తరబడి సముద్రం మీద తిరగడానికి తయారైనవి కనుక ‘గస్తీ విమానం’ అన్నదే వాటికి అతికే పేరు. ‘నిఘా విమానం’ తప్పు కాదు గానీ, శత్రువు గుట్టు లాగే విమానం తలపుకొస్తుంది.

వెతుకులాటకు మాత్రం ‘గాలింపు’ను మించిన మాట లేదు. బియ్యం గాలించేటప్పుడు నీళ్లు పోసి తిప్పుతూ కొద్దికొద్దిగా వంచుకుంటాం, అడుగున రాళ్లు మిగిలేదాకా. గస్తీ విమానమూ అంత ఓపికగా, పొలం దున్నినట్టు సాలు వెంట సాలు ఎగురుతుంది. సాళ్ల మధ్య ఎడం వెతికే వస్తువు పరిమాణాన్ని, ఆ పూట చూపు ఆనే దూరాన్ని బట్టి ఉంటుంది. అలల మీద నురగ లేస్తే తెల్లటి రేకు ముక్క అందులో కలిసిపోతుంది. అప్పుడు ఎడం తగ్గించాలి. తగ్గిస్తే ఆ పూట చూడగలిగే మేరా తగ్గుతుంది. పైగా ఇది కదిలే పొలం. ప్రవాహం, గాలి చెరోవైపు తోస్తుంటాయి. అందుకే నీటిపై తేలే గుర్తు, అంటే ఒక బోయాను జారవిడిచి, అది ఎటు కొట్టుకుపోతోందో చూసి తర్వాతి సాళ్లు గీస్తారు. 2014 మార్చిలో గల్లంతైన మలేసియా ప్రయాణికుల విమానం ఎంహెచ్370 గాలింపు ప్రాంతాన్ని ఆ నెల 28న ఏకంగా 1,100 కి.మీ. ఈశాన్యానికి జరిపింది మాత్రం ప్రవాహం వల్ల కాదు. విమానం అనుకున్నదానికన్నా వేగంగా వెళ్లి, ఇంధనం ముందే ఖర్చయి ఉంటుందని లెక్క మారడం వల్ల.

‘సముద్రగర్భాన్ని గాలించిన విమానం’ అని రాయకూడదు. విమానం చూపు నీటి పైభాగం వరకే. లోతున ఉన్నదాన్ని అది వినగలదు, అంతే: సోనోబోయ్ అనే గొట్టాన్ని నీళ్లలోకి వదిలితే, దానికి వేలాడే మైకు బ్లాక్ బాక్సు నుంచి వచ్చే 37.5 కిలోహెర్ట్జ్ టిక్కుటిక్కును పట్టి రేడియోలో పైకి పంపుతుంది. బ్యాటరీ అయిపోతే ఆ చప్పుడూ ఉండదు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరి బంగాళాఖాతంపై గల్లంతైన భారత వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 జాడ 2024 జనవరిలో తేలింది. 3,400 మీటర్ల లోతున దాన్ని ఫొటో తీసింది నీటిలో తిరిగే మానవరహిత వాహనం.

ఇక శకలమంటే ముక్క, శిథిలమంటే జీర్ణించి సడలినది. శిథిలాలు కోటలకు, విమానానికి శకలాలే.

మీరు అడగని మాట ఒకటి ఇంతకన్నా చిక్కుపెడుతుంది: ‘శకలాలను గుర్తించారు’. కంటపడ్డాయనా, ఆ విమానానివేనని తేలిందనా? గస్తీ విమానం చేయగలిగేది మొదటిదే. తేలే వస్తువు కనబడితే అక్కడ గుర్తుగా పొగ వదిలే డబ్బా వేసి, అక్షాంశ రేఖాంశాలు రాసుకుని, ఓడను పిలుస్తుంది. ఓడ దాన్ని పైకి తీశాక అది చేపల వల బుడ్డీ కావచ్చు. కాబట్టి మొదటి రోజు ‘తేలుతున్న వస్తువులు కనిపించాయి’ అని, ముక్క మీది నంబరు సరిపోలాక ‘శకలాలేనని నిర్ధారించారు’ అని రాయాలి.