పిల్లలు ఈదడం మొదలుపెట్టే లోపు

కావలి,
గురువారం రాత్రి

చిట్టితల్లీ,

ముందు లేచి వెళ్లి నీ చేపల తొట్టె పక్కన చిన్న బెడ్ ల్యాంపు వెలిగించి రా. మిగతాది తరువాత చదువుదువుగాని.

మీ నాన్న సాయంత్రం ఫోను చేసి చెప్పాడు. నీ ఏంజెల్ చేపల జంట ఆకు మీద గుడ్లు పెట్టిందట, నిన్నటికి అవి పిల్లలయ్యాయట, ఒక్కదాన్ని కూడా పోనివ్వకుండా పెంచుతానని నువ్వు పట్టుబట్టావట. విన్నప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. సంతోషం ఎంత ఉందో భయం అంత ఉంది. ఉత్తరం పోస్టులో వేస్తే అందేసరికి పని మించిపోతుందని, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపిస్తున్నాను. అక్షరాలు చిన్నవిగా ఉంటే పెద్దవి చేసుకుని చూడు.

దీపం ఎందుకంటే, ఏంజెల్ తల్లిదండ్రులు కళ్లతో కాపలా కాస్తాయి. ఆకు మీది నుంచి జారిన పిల్లను నోటితో పట్టుకుని తిరిగి ఆకుకే అతికిస్తాయి. చీకటి పడితే వాటికి ఏమీ కనపడదు. నీ తొట్టెలో ఉన్న సక్కర్ చేపకు మాత్రం చీకటే పగలు. పొద్దున్న చూసేసరికి ఆకు ఖాళీగా ఉంటుంది, పాపం తల్లే తినేసిందని నువ్వు దాన్ని తిట్టుకుంటావు. నిజంగానే తల్లి తినడమూ ఉంది. మొదటిసారి గుడ్లు పెట్టిన జంట బెదిరితే తన పిల్లల్నే మింగేస్తుంది. అందుకే స్నేహితులందర్నీ పిలిచి అద్దానికి ముఖాలు ఆనించి చూపించకు. ఆ వైపు ఒక అట్టముక్క అడ్డం పెట్టు.

పిల్లల్ని ఇప్పుడు కదపవద్దు. కదపవలసింది పొరుగువాళ్లను. విడో టెట్రా చేపలను, సక్కర్‌ను పెద్ద టబ్బులోకి మార్చి, గాలి బుడగలొచ్చే ఎయిర్ స్టోన్ వేసి, పైన వల కప్పు. టబ్బులో పోసే నీళ్లు ఆ తొట్టెలోవే అయి ఉండాలి. ఫిల్టరు నీళ్లు లాగే గొట్టానికి స్పాంజి తొడుగు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని దగ్గర ఉంచుకో, కరెంటు మనల్ని అడిగి పోదు.

మేత వెయ్యాలని నీ చెయ్యి ఊరుకోదు. నాకు తెలుసు. కానీ ఇప్పుడు అవి ఆకుకు తల దగ్గర అతుక్కుని తోకలు ఆడిస్తున్నాయి కదా, పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచే వాటి అన్నం. నిన్న పిల్లలయ్యాయంటే సుమారు ఆదివారానికో సోమవారానికో ఆకు వదిలి ఈదుతాయి. అంతవరకు చిటికెడు పొడి కూడా వద్దు. తినని మేతంతా విషమే అవుతుంది.

ఈదిన రోజు నుంచి వాటికి మేతగా బతికి ఉన్న ఆర్టీమియా పిల్లలు కావాలి, అవి ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న పురుగులు. గప్పీ పిల్లలైతే పొడి మేతతో బతికేస్తాయి, ఏంజెల్ పిల్లలు కదిలే దాన్నే నోట పట్టుకుంటాయి. ఇరవై రెండేళ్లు సముద్రపు ఒడ్డున రొయ్యల హేచరీలో ఆర్టీమియా పొదిగించినవాణ్ని, ఈ ఒక్క పనిలో నా మాట విను. లీటరు నీటికి 25 గ్రాముల కల్లుప్పు. తల కిందులుగా నిలబెట్టిన సీసాలో అడుగు నుంచి గాలి బుడగలు బాగా రావాలి. పైన వెలుతురు ఉండాలి. అందులో వేసిన ఆర్టీమియా గుడ్లు 28 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజుకి పగులుతాయి. అప్పుడు గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి చేరతాయి. పెంకు పొరపాటున కూడా తొట్టెలోకి పోకూడదు, అది అరగక పేగులో అడ్డుపడుతుంది. కింది నారింజ రంగునే సన్నని గొట్టంతో లాగి, గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వెయ్యి. ఆలస్యం చేయకు. ఆ రంగు వాటి ఒంట్లో ఉన్న బలం, గంటలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెం. తిన్నదో లేదో అనుమానం అక్కరలేదు, పిల్ల పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది. ఆ రంగు మొదటిసారి చూసినప్పుడు నాకు ఫోను చెయ్యి, ఏ వేళైనా సరే.

ఇక నీకు ఇన్నేళ్లు చెప్పని విషయం.

2007 మే నెలలో, నీకు ఏడేళ్లప్పుడు, సెలవులకు మా ఇంటికి వచ్చావు. అప్పుడు మా ఇంట్లోనూ ఒక ఏంజెల్ జంట పిల్లల్ని తీసింది. నువ్వు రోజంతా స్టూలు మీద కూర్చుని, పాత నోట్‌బుక్‌లో గీతలు పెడుతూ నూట నలభై దాకా లెక్కపెట్టావు. పెద్ద చేపలు తినేస్తాయని ఏడిచావు. నేను వాటిని కాపాడతానని మాట ఇచ్చాను.

హేచరీలో ఒక బ్యాచ్ అయిపోగానే ట్యాంకులన్నీ బ్లీచింగ్‌తో కడిగి ఎండబెట్టేవాళ్లం. ఆ అలవాటుతోనే ఇంట్లో కొత్త అద్దాల తొట్టె ఒకటి బ్లీచింగ్ వేసి తోమాను, కడిగాను, ఎండలో పెట్టాను, రెండు రోజులు నిలవబెట్టిన నీళ్లు పోశాను. కొత్త స్పాంజి పెట్టాను. ఈదుతున్న పిల్లల్ని గొట్టంతో అందులోకి దించాను. నీళ్లు అద్దంలా మెరుస్తుంటే నాకు గర్వంగా ఉండింది. ఆ మెరుపులో లేనిది ఏమిటో నాకు తట్టలేదు. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమోనియా అవుతుంది. దాన్ని విరిచి విషం తగ్గించే సూక్ష్మజీవులు పాత స్పాంజిలో, పాత గులకరాళ్ల మీద వారాల తరబడి ఉంటే గాని పెరగవు. ఆ తొట్టెలో ఒక్కటీ లేదు. హేచరీలో రోజూ నీళ్లు మార్చేవాళ్లం కాబట్టి అంత శుభ్రత చెల్లింది. ఇంట్లో నేను ఆ పని చేయలేదు. పైగా మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, పీహెచ్ ఎక్కువ. అలాంటి నీటిలో అమోనియా ఇంకా పదునుగా ఉంటుంది.

ఆర్టీమియా డబ్బా కొనే స్తోమత అప్పుడు లేదు. పనిచేసే చోటి నుంచి చెంచాడు తెచ్చుకోవడం దొంగతనమని తేలేదు. అందుకని ఉడికించిన గుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి వేశాను. రెండు రోజులు బాగానే ఉన్నాయి. మూడో రోజు నాకు నైట్ షిఫ్టు. రాత్రంతా పిల్లలు ఆకలితో ఉంటాయేమోనన్న బెంగతో, వెళ్లబోతూ ఇంకో చెంచా ఎక్కువ వేశాను.

పొద్దున్న ఆరింటికి తలుపు తీయగానే వాసన. నీళ్లు పాలలా ఉన్నాయి. అడుగున సన్నని దారపు ముక్కల్లా పడి ఉన్నాయి, అన్నీ. పెద్ద చేపల నోటి నుంచి తప్పించి నా చేత్తో చంపుకున్నాను.

నువ్వు ఇంకా మేడ మీద నిద్రపోతున్నావు. ఆ నీళ్లు కొబ్బరిచెట్టు మొదట్లో పోసి, తొట్టె కడిగేసి, నువ్వు లేచాక పిల్లలు పెద్దవయ్యాయని, కాలువలో వదిలేసి వచ్చానని చెప్పాను. నువ్వు నమ్మావు. సెలవులయ్యే దాకా ప్రతి సాయంత్రం కాలువ గట్టుకు తీసుకెళ్లమని, జేబులో బొరుగులు పోసుకుని వచ్చి నీళ్లలో చల్లావు. ఒకసారి ఏదో చిన్న చేప మెరిస్తే "పెదనాన్నా, మనదే" అన్నావు. నేను అవునన్నాను. ఆ అబద్ధానికి నన్ను క్షమించు తల్లీ. (నిజంగా వదిలినా తప్పే. పరాయి చేపల్ని మన కాలువల్లో ఎప్పుడూ వదలకు.)

కాబట్టి ఈసారి కొత్త తొట్టె అవసరమైతే దాన్ని పాత నీళ్లతోనే నింపు. మినరల్ క్యాన్ నీళ్లు వద్దు, పుట్టిన నీటికి వాటికి పొంతన ఉండదు. రోజూ అడుగు సన్నగొట్టంతో లాగి, ఐదో వంతు నీళ్లు మార్చు. నిలవబెట్టి క్లోరిన్ పోయిన నీళ్లే పొయ్యి. స్పాంజిని కుళాయి కింద ఎన్నడూ కడగకు. కొన్ని పోతాయి, అన్నీ దక్కవు. దానికి నిన్ను నువ్వు తిట్టుకోకు.

శనివారం సాయంత్రం పినాకిని రైల్లో ఒంగోలు వస్తున్నాను. నా తొట్టెలో రెండేళ్లుగా నడుస్తున్న స్పాంజిని ఆ నీళ్లలోనే డబ్బాలో పెట్టి, మూత వదులుగా వేసి తెస్తాను. ఆర్టీమియా డబ్బా కూడా ఈసారి కొన్నాను. స్టేషన్‌కు రావద్దు, తొట్టె దగ్గరే ఉండు, ఆటోలో వస్తాను. ఒక నోట్‌బుక్ తీసి ఉంచు. నేను వచ్చేదాకా లెక్కపెట్టకు.

మీ పెదనాన్న