ఉద్యోగం మీద ఆశ పెట్టుకుంటే దేవుని కోసం కనిపెట్టనట్టేనా?

"టీచర్ ఉద్యోగం ఎలాగైనా కొట్టాలని చదువుతున్నా, సంఘంలో పెద్దలేమో అంత ఆశ వద్దు, దేవుని సమయం కోసం కనిపెట్టు, అంటే ఓపిగ్గా ఎదురుచూడు అంటున్నారు, నా ఆశ తప్పా?" అని అడిగారు కదా. తప్పు కాదు బ్రదర్. నేనూ డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) బ్యాచే, అందుకే రాస్తున్నా.

2018 డీఎస్సీలో నాకు రాలేదు. ఆ తర్వాత ఆంధ్రలో ఏం జరిగిందో మీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, పరీక్ష జరగకుండానే అది రద్దయింది, మళ్లీ మెగా డీఎస్సీ 16,347 పోస్టులన్నారు, దాని నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌కి గానీ రాలేదు. అన్నాళ్లూ ప్రైవేటు స్కూల్లో చెబుతూ, జీతం ఏ తారీఖున వేస్తారో తెలియని బతుకు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో నా చేతిలో లేదు, అది ప్రార్థనలో పెట్టి వదిలేశా. కానీ డీఎస్సీ మెరిట్‌లో టెట్‌కి (టీచర్ అర్హత పరీక్షకి) 20 శాతం వెయిటేజీ ఉంది, అది మాత్రం నా చేతిలోదే. టెట్ పడినప్పుడల్లా రాసి మార్కులు పెంచుకున్నా. "ఒకసారి పాసయ్యావు కదా, మళ్లీ ఎందుకు, విశ్వాసం లేదా?" అని ఒక ఆంటీ అన్నారు. విశ్వాసం ఉండబట్టే రాశానండీ, నోటిఫికేషన్ వస్తుందని నమ్మని మనిషి ఫీజు కట్టి మరీ టెట్ ఎందుకు రాస్తుంది?

బైబిల్లో పారసీక రాజు దగ్గర పనిచేసిన యూదుడు నెహెమ్యా సంగతి చూడండి. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు కిస్లేవు అనే యూదుల నెలలో విన్నాడు, వాటిని కట్టడం గురించి రాజుతో మాట్లాడింది నీసాను నెలలో, అంటే మధ్యలో నాలుగు నెలలు. ఉపవాసం, ప్రార్థన అన్నీ ఉన్నాయి. కానీ రాజు "నీకేం కావాలి" అనగానే ఎన్నాళ్లు పడుతుందో, ఏ అధికారులకు ఉత్తరాలు కావాలో, మ్రానుల కోసం అడవి చూసుకునే ఆసాపుకు ఏం రాయించాలో గబగబా చెప్పేశాడు. ఊరికే ఏడుస్తూ కూర్చున్నవాడి నోటి నుంచి అంత లిస్టు రాదు.

డిసెంబర్ 31 రాత్రి కూడికలో నాకు ఒకసారి వాగ్దాన కార్డు యిర్మీయా 29:11 వచ్చింది, మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే వచనం. ఆ వచనం మన ఇళ్లల్లో సగం గోడల మీద ఉంటుంది, దాని పైనున్న 10వ వచనంలో బబులోను చెరలో 70 ఏళ్లు గడిచాకే అని ఉన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. 5వ వచనంలో ఇంకా విచిత్రం, బబులోనులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అంటాడు దేవుడు. సంచులు సర్దుకుని గుమ్మంలో కూర్చోమనలేదు.

అలాగని పెద్దల మాట కొట్టిపారేయను, ఎందుకంటే ఆశ ఎక్కడ చెడిపోతుందో నేను దగ్గరుండి చూశా. డబ్బు కడితే ఔట్‌సోర్సింగ్ పోస్టు ఇప్పిస్తానని ఒక బ్రోకర్ మా ఇంటికి వచ్చాడు. మా చుట్టాల్లో ఒకాయన "ఇది దేవుడు తెరిచిన తలుపమ్మా" అన్నాడు! తనను చంపాలని వెతుకుతున్న సౌలు రాజు ఏన్‌గెదీ గుహలో దావీదు చేతికి చిక్కినప్పుడు దావీదు మనుషులు అన్నదీ ఇదే కదా, యెహోవా చెప్పిన రోజు ఇదేనని. దావీదుకు రాజ్యం మీద ఆశ లేక కాదు, అభిషేకం కూడా అయింది, అయినా ఆ దారిన తీసుకోలేదు. అడ్డదారి ఒక్కోసారి మంచి భక్తి మాటలతోనే వస్తుంది, అదే నాకు భయం. బ్రోకర్‌ని మా నాన్న టీ ఇచ్చి పంపించేశారు.

2025లో నాకు ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు వచ్చింది. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పాను, కానీ "కనిపెట్టింది కాబట్టి వచ్చింది" అని పాస్టర్ గారు కలిపినప్పుడు నాకు నచ్చలేదు. నాతో కలిసి చదివిన అక్క నాకంటే ఎక్కువ ప్రార్థన చేసే మనిషి, ఆమెకు కొద్దిలో పోయింది, అదే వరుసలో కూర్చుని నా సాక్ష్యం వింటోంది. ఆమె విశ్వాసంలో ఏం తక్కువైందో నాకు చెప్పండి? ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది, మళ్లీ చదువుతోంది, ఆదివారం సండే స్కూల్ కూడా తనే నడుపుతోంది.

మీరు పెద్దలతో వాదన పెట్టుకోకండి. ఉపవాస కూటానికి వెళ్లండి, వచ్చి సైకాలజీ పుస్తకం తీయండి, టెట్‌లో చాలామందికి మార్కులు పోయేది అక్కడే. ఏ జిల్లా, ఏ సబ్జెక్టు, పాత టెట్ మార్కులు ఎన్ని అనేది కామెంట్‌లో పెట్టండి, నాకు తెలిసింది చెబుతాను.