పోటీ లేని వ్యాపారం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారికి ఒంగోలులో ప్రైవేటు బస్సు టికెట్ల ఏజెన్సీ ఉంది. ఆన్‌లైన్ బుకింగులు వచ్చాక కమీషన్ బాగా పడిపోయింది. ఎవరూ చేయని కొత్త వ్యాపారం పెట్టాలనుకుంటున్నాను. ముందు ఎంబీఏ చేయమంటారా?

జవాబు: మీ నాన్నగారి కమీషన్‌కు గండి కొట్టిన మార్పులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. 2006లో ఆన్‌లైన్ బస్సు టికెట్ల సంస్థ రెడ్‌బస్‌ను మిత్రులతో కలిసి ప్రారంభించిన ఫణీంద్ర సామా బెంగళూరులో పనిచేస్తున్న ఇంజనీరు. బస్సుల వ్యాపారంతో ఆయనకు సంబంధం లేదు. దీపావళికి ఊరు వెళ్లేందుకు టికెట్ దొరకనప్పుడు ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. అప్పట్లో ఏజెంటు తనకు పరిచయమున్న ఆపరేటర్లకే ఫోన్ చేసి సీటు అడిగేవాడు కనుక, మరో ఆపరేటరు బస్సు సగం ఖాళీగా బయలుదేరుతున్నా ఆ సంగతి ప్రయాణికుడికి తెలిసే దారి ఉండేది కాదు. ఈ కష్టాలు మీ నాన్నగారు నాకన్నా బాగా చెప్పగలరు. ఫణీంద్ర బృందం మొదట ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. వారు ఆసక్తి చూపకపోవడంతో తామే టికెట్లు అమ్మడానికి పూనుకుంది. బస్సు నడిపేవారు, టికెట్ అమ్మేవారు, సాఫ్ట్‌వేర్ రాసేవారు ఎవరి హద్దులో వారు ఉన్నంతకాలం మిగిలిపోయిన ఇబ్బందిని తీర్చి, 2013లో ఆన్‌లైన్ ప్రయాణ సేవల సంస్థ ఐబిబో గ్రూపు కొనుగోలు చేసే స్థాయికి ఆ సంస్థ ఎదిగింది.

అందువల్ల ఎవరూ చేయనిది ఏదని వెతకడం కన్నా, ఒక వ్యాపారం తన పని అయిపోయిందనుకున్న చోట కొనుగోలుదారుడికి ఇంకా ఏ పని మిగిలి ఉందో చూడడం మేలు. (ఎవరూ చేయకపోవడానికి గిరాకీ లేకపోవడమే కారణమైన వ్యాపారాలు కూడా చాలానే ఉంటాయి.) ఉదాహరణకు, ఆసుపత్రి ఫైలు చేతపట్టుకుని హైదరాబాదుకు రెండు సీట్లు అడిగే వృద్ధ దంపతులను మీ కౌంటరు దగ్గర చూసే ఉంటారు. తెల్లవారకముందే ఎల్బీ నగర్‌లో దిగితే నిమ్స్ ఆసుపత్రికి ఎలా వెళ్లాలి, ఓపీ తెరిచేదాకా ఎక్కడ కూర్చోవాలి, రాత్రికి ఉండవలసి వస్తే గది ఎవరిస్తారు అన్నవి వారి అసలు చింతలు. బస్సువారు, ఆటోవారు, లాడ్జీవారు ఎవరి మేరకు వారే చూసుకుంటారు. మొత్తం ప్రయాణాన్ని ఒక పనిగా ఎవరూ చూడరు. ఇందులో వ్యాపారం ఉందని నేను హామీ ఇవ్వలేను గాని, వెతకవలసింది ఇటువంటి చోటనే.

ఎంబీఏ విషయానికి వస్తే, దాని ప్రవేశ పరీక్ష ఐసెట్ ఏటా జరుగుతుంది కనుక తొందర అవసరం లేదు. పరీక్షలు కాగానే కొన్ని నెలలు కౌంటరులో కూర్చుని, టికెట్ కొనకుండా వెళ్లిపోయినవారు ఏమడిగారో, ఆన్‌లైన్ వాడగలిగీ మీ దగ్గరికే వచ్చినవారు ఎందుకు వచ్చారో ఒక పుస్తకంలో రాయండి. ఏదైనా అవసరం పదేపదే కనిపిస్తే, అప్పు చేసి ఆఫీసు తెరవకముందే, కొద్దిమందికి ఆ సేవ అందించి రుసుము అడగండి. ఉచితంగా ఇస్తే అందరూ బాగుందంటారు. డబ్బు ఇచ్చినవారి లెక్కనే నమ్మండి.