బోల్టు చూడకుండా ఎక్కొద్దు

చిట్టితల్లీ,

బైకు రేసులు మానేసి మైక్రోలైట్, అదే ఒకరిద్దరు ఎక్కే తేలికపాటి విమానం, నడపడం నేర్చుకోబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వపడ్డానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వైద్య పరీక్ష ముందే చేయించుకో. ఇంజను రోటాక్స్ 582 అయితే 10 లీటర్ల పెట్రోలుకు 200 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిలు, కొలిచి పొయ్యి.

నా భయం ఇంజను గురించి కాదు. గ్లెన్ కర్టిస్ తెలుసుగా? 1908 జూలై 4న జూన్ బగ్ అనే తన విమానంలో కిలోమీటరున్నర ఎగిరిన అమెరికావాడు. అంతకు ఏడాదిన్నర ముందు, 1907 జనవరి 24న, ఫ్లోరిడాలోని ఆర్మండ్ బీచ్ ఇసుక మీద తన వి-8 మోటార్‌సైకిల్‌ని గంటకు 219 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. గేర్లు లేవు. ఇంజను నుంచి వెనక చక్రానికి నేరుగా షాఫ్టు, అంటే తిరిగే కడ్డీ. గాలిలో ఎగిరేవాటి కోసం చేసిన ఇంజను అది, దాని బలం చక్కగానే ఉంది. రెండోసారి పరుగులో షాఫ్టు జాయింటు విరిగింది. ఊడిన షాఫ్టు కొట్టుకుంటే ఫ్రేమే వంగిపోయింది. పడిపోకుండా ఆపగలిగాడంటే అది అతని చేతి నేర్పు. బలమంతా ఇంజనులో పెట్టి, దాన్ని మోసే జాయింటును తక్కువగా చూస్తే జరిగేది ఇదే. కింద ఇసుక ఉంది కాబట్టి బతికాడు.

నువ్వు ఎక్కబోయే ట్రైకు, అంటే రెక్క కింద వేలాడే మూడు చక్రాల బండి, దానికీ అలాంటి చోటు ఒకటుంది. రెక్క నుంచి నువ్వూ బండీ మొత్తం వేలాడేది ఒక్క హ్యాంగ్ బోల్టు మీద. ప్రతిసారీ నట్టు, దాని సేఫ్టీ రింగు, పక్కనున్న బ్యాకప్ కేబులు నీ వేళ్ళతో తాకి చూడు. ఎవరో చూశారన్నారని ఎక్కావో, నీతో మాట్లాడను!

ఇక అలవాట్ల సంగతి. కర్టిస్ విమానంలో భుజాల కాడి ఉండేది, బైకు మీదలా ఒరిగితే రెక్కలు ఒరిగేవి. నీకు ఆ సుఖం లేదమ్మా. గాలిలో కుడికి తిరగాలంటే బారు, అంటే నీ చేతుల్లో ఉండే అడ్డకడ్డీ, ఎడమకు జరపాలి. నేల మీద కుడికాలు తొక్కితే ముందు చక్రం ఎడమకు తిరుగుతుంది. నేల వదిలిన వెంటనే ఇంజను ఆగిందా, బారు వెంటనే పొట్టకేసి లాక్కో, ముక్కు దించి తిన్నగా ముందుకే దిగు. రన్‌వే కోసం వెనక్కి తిరగకు.

మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు, తెల్లవారుజాము నాలుగైనా సరే, ఎక్కబోయే ముందు ఫోన్ చెయ్యి. రింగు తాకావా అని అడుగుతాను.

మీ పెదనాన్న