కూతకెళ్ళేవాడికి అన్నం కావాలి

ఒరేయ్ అల్లుడూ,

అన్నం మానేసి పనీరు, గుడ్లు, కొబ్బరినూనెతో నెట్టుకొస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బరువు బాగానే తగ్గావట. మొదటి వారాల్లో పోయేది చాలావరకు నీళ్ళేరా. కండలో దాచుకున్న పిండిపదార్థం, అదే గ్లైకోజెన్, గ్రాము ఉంటే దాంతోపాటు మూడు గ్రాముల దాకా నీరుంటుంది. అది ఖాళీ అయితే ఇదీ పోతుంది.

మీ నాన్న షుగరుకి ఈ తిండి పనికిరావచ్చు, డాక్టర్ని అడిగి మాత్రలు సర్దుకుని తినాలంతే. నీ సంగతి వేరు. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకెళ్తానంటున్నావు.

కొవ్వు మీద ఒంటిని నడిపించడం ఉత్త మాటేం కాదు. కండల్లో గ్లైకోజెన్ మామూలుగా 400, 500 గ్రాములే ఉంటుంది, కొవ్వు మాత్రం బక్కవాడి ఒంట్లోనూ రోజులకు సరిపడా ఉంటుంది. అన్నంలాంటి పిండిపదార్థాలు మానేస్తే ఒళ్ళు కొవ్వు కరిగించడం నేర్చుకుంటుంది కూడా. చిక్కంతా వేగం దగ్గరే. గాదె నిండా ధాన్యమున్నా అప్పటికప్పుడు దంచి వండలేం కదా. పైగా అంతే శక్తికి కొవ్వు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. 2017లో ఆటగాళ్ళ తిండి మీద పరిశోధించే లూయీస్ బర్క్ బృందం ఆస్ట్రేలియాలో రేస్‌వాకర్ల (వేగంగా నడిచే పోటీల వాళ్ళ) మీద చూసిందిదే. పిండి తిన్నవాళ్ళు 10 కిలోమీటర్ల టైం తగ్గించుకున్నారు, కొవ్వు తిన్నవాళ్ళకు మెరుగే లేదు.

నీకు ఇంకా దగ్గరిది 2006 నాటి దక్షిణాఫ్రికా పరీక్ష. సైకిలిస్టులకు ఆరు రోజులు కొవ్వు, ఏడో రోజు పిండి పెట్టి 100 కిలోమీటర్లు తొక్కించారు. మొత్తం టైంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యలో పెట్టిన కిలోమీటరు స్ప్రింట్లలో మాత్రం బలం పడిపోయింది. కబడ్డీ అంటే అచ్చం ఆ స్ప్రింట్లే కదరా! కూత 30 సెకన్లు. కార్నర్ వాడు మడమ పట్టేశాక, వాణ్ణి ఈడ్చుకుంటూ మధ్యగీతకి చెయ్యి చాపే ఆ రెండు సెకన్లకు కొవ్వు అందిరాదు.

అందుకని పోటీలకు నెల ముందే అన్నంలో పడు. కొవ్వుకు అలవాటుపడ్డ కండలో పిండిని వాడుకునే ఎంజైము మందగిస్తుంది, ముందురోజు బిర్యానీ లాగిస్తే మేలుకోదు. ఆట రోజు, ఆటకి మూడు గంటల ముందు అన్నం, పప్పుచారు చాలు. వేపుళ్ళు, మీగడ పెరుగు వద్దు, కడుపులో బరువు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య రెండు చక్కెరకేళీలు, కొబ్బరినీళ్ళు. పొట్ట తగ్గాలనుంటే పండగ అయ్యాక చూద్దాం, అప్పుడు కూడా అన్నం ఒక ముద్ద తగ్గిస్తే చాలు.

గుడ్లు మాత్రం మానకు. వచ్చే ఆదివారం కాలవగట్టు దగ్గరకి రా, వరసగా పది కూతలు పెట్టిస్తా. ఎన్నో కూతకి కాళ్ళు బరువెక్కుతున్నాయో నువ్వే చెబుదువుగాని.

మీ మావయ్య