చీటీ రాసిచ్చి వెళ్ళిపోతే కాలు బాగవుతుందా?

బళ్ళో పిల్లల కాళ్ళూ వెన్నూ చూడటం సర్కారు పనేనా, పూర్వం ఎక్కడైనా చేశారా అని అడిగారు. ముమ్మాటికీ సర్కారు పనే. కానీ చూసి వదిలేస్తే దండగ. ఇంగ్లండులో 1907 చట్టం బడిపిల్లలకు వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది. వైద్యం చేయించే బాధ్యత మాత్రం 1918 దాకా తప్పనిసరి కాలేదు. ఆ మధ్యకాలంలో ఎందరు పిల్లలు రిజిస్టరులో పేర్లుగానే మిగిలిపోయారో నేను ఊహించగలను, మా తమ్ముణ్ణి చూశాను గనక.

మద్రాసులో వ్యాసార్పాడి మాది. కార్పొరేషన్ బడి, తెలుగు మీడియం. పసితనంలో పోలియో వచ్చి వాడి ఎడమకాలు సన్నబడింది. బడికొచ్చిన డాక్టరు పళ్ళు, కళ్ళు చూసి, 'క్యాలిపర్ కావాలి' అని, అంటే కాలికి ఊతంగా తొడిగే ఇనుప చట్రం కావాలని, చీటీ రాసి వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాయన కూలి మానుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. కొలతలకు ఒక రోజు, సంతకానికి ఇంకో రోజు. తీరా అది చేతికొచ్చేసరికి వాడు పొడుగయ్యాడు. ఇనుప కీలు మోకాలికి కిందుగా పడేది, తొడ దగ్గర పట్టా ఒరుసుకుని పుండయ్యేది. మళ్ళీ వెళ్తే మళ్ళీ మొదటినుంచీ క్యూ. చివరికి మా వీధి చివర చెప్పులు కుట్టే తాత పట్టా విప్పి, లోపల మెత్తటి తోలు వేసి కుట్టిచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. బడివాళ్ళేమో వాడి తరగతి మేడ మీదే పెట్టారు, కింద గది ఖాళీగా ఉన్నా మార్చలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆగ్నెస్ హంట్ అనే నర్సు, తుంటి జబ్బుతో తనే కుంటుతూ నడిచిన మనిషి, 1900లో ఇంగ్లండులోనే బాస్‌చర్చ్ అనే పల్లెలో పిల్లల కోసం ఆశ్రయం తెరిచింది. లివర్‌పూల్ నుంచి సర్జన్ రాబర్ట్ జోన్స్ అక్కడికి వచ్చి ఆపరేషన్లు చేసేవాడు. ఇంటికెళ్ళిన పిల్లల్ని ఆమె వదిలెయ్యలేదు, చుట్టుపక్కల ఊళ్ళలోనే క్లినిక్‌లు పెట్టించింది. మా వ్యాసార్పాడికి కావలసింది అచ్చంగా అదే.

మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011లో. పిల్లల్లో లోపాల్ని ముందే కనిపెట్టడానికి 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో వంకరపాదం (పుట్టుకతోనే పాదం లోపలికి తిరిగి ఉండటం), తుంటి లోపం ఉన్నాయి. సంతోషం. కానీ వంకరపాదాన్ని సరిచెయ్యడానికి వేసిన పిండికట్లు విప్పాక కూడా నాలుగైదేళ్ళ వయసు దాకా రాత్రిళ్ళు ప్రత్యేకమైన బూట్లు తొడగాలి, మానేస్తే పాదం మళ్ళీ తిరుగుతుంది. పాదం పెరిగినప్పుడల్లా ఆ బూట్లు ఇంటి దగ్గర్లోనే మార్చిచ్చే ఏర్పాటు కావాలని మా కౌన్సిలర్‌ను కనబడినప్పుడల్లా అడుగుతున్నాను. మీరూ మీ వార్డులో అడగండి.